అడ్డొచ్చిన చెయ్యి

స్పిరిట్ దూది వాసన తగిలితే చాలు, నాకు మంగ్లక్క చెయ్యి గుర్తొస్తుంది. మణికట్టు మీద పచ్చబొట్టు, ఎప్పుడూ వెచ్చగా ఉండే అరచెయ్యి. ఈ ఉదయమూ అంతే. భూపాలపల్లిలో నేను పనిచేసే పసిపిల్లల వార్డులో, నెలలు నిండకుండా పుట్టిన ఒక పాప మడమకు దూది రాసి, పరీక్షకు రక్తం తీయడానికి సూది అందుకున్నాను. పైన బిగించిన కెమెరా పాప ముఖం చూసి, నొప్పి ఎంతో తెర మీద అంకె వేసి చూపిస్తుంది. సూది దిగింది. పాప కిక్కురుమనలేదు. తెర మీద సున్నా పడింది.

ఆ సున్నాలో నా వాటా ఉంది. కొన్నేళ్ల క్రితం జనగామలో ఒక దవాఖానలో నేను కొత్త నర్సుని, మంగ్లక్క ఆయమ్మ. మానుకోట వైపు తండా మనిషి. మందుల పేర్లు చదవడం రాదు గానీ పసిపిల్లల సంగతి ఆమెకు తెలిసినంతగా మాకెవరికీ తెలియదు. అప్పట్లో అది ఒప్పుకోవడం నాకు నామోషీ. దేవరుప్పుల దగ్గర మా ఊళ్లో నర్సింగ్ చదివిన మొదటిదాన్ని నేనే. నడుముకు కొంగు దోపుకుని నేల తుడిచే మనిషి నాకు చెప్పేదేమిటి అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే కంప్యూటరుకు పసిపిల్లల నొప్పి గుర్తుపట్టడం నేర్పే పని మా వార్డుకు వచ్చింది. తల్లిదండ్రులను అడిగి, రక్తం తీసేటప్పుడు పిల్లల ముఖాలను వీడియో తీయాలి. ఒక్కోదానికి నొప్పి ఎంతో నేను అంకె వేయాలి. ముఖానికి ఏదీ అడ్డు రాకూడదు. మంగ్లక్క పని బిడ్డ కాలు కదలకుండా పట్టుకోవడం. కానీ కొందరు పిల్లల దగ్గర ఆమె రెండో చెయ్యి ఊరుకునేది కాదు. వెళ్లి నుదుటిని కప్పేసేది. వీడియో పాడయ్యేది.

"అక్కా, చెయ్యి తియ్యి. ముఖం కనవడ్తలేదు" అన్నాను ఒకరోజు విసుగ్గా.

"బిడ్డకు నొస్తాంది సిస్టరమ్మా."

"ఏడుస్తనే లేదు గద, ఏం నొస్తాంది?"

"ఏడ్వనీకె బలముండాలె గద. కాళ్ల వేళ్లు ఎట్ల సాపిందో సూడు."

నేను చూడలేదు. తిన్నగా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి, ఈమెతో వీడియోలన్నీ పాడవుతున్నాయని చెప్పాను. మర్నాటి నుంచి ఆమెను బట్టలుతికే గదికి మార్చారు. "పిల్లలు పైలం సిస్టరమ్మా" అని మాత్రం చెప్పి వెళ్లింది. ఆమె చెయ్యి పడిన వీడియోలన్నీ ఏరి, పనికిరావని తీసేశాను. ఆ తర్వాత తీసినవాటిలో ఏడవని పిల్లలకు సున్నాలు వేశాను. పని శుభ్రంగా చేశావని డాక్టరు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

ఆ చెయ్యి ఏ పిల్లల మీద పడిందో నాకు తట్టడానికి ఏళ్లు పట్టింది. గట్టిగా ఏడ్చే పిల్లల దగ్గరికి మేమందరం పరుగెత్తేవాళ్లం. ఏడ్చే ఓపిక లేనివాళ్ల దగ్గరికి ఆమె చెయ్యి వెళ్లేది. పనికిరాదని నేను తీసేసింది సరిగ్గా వాళ్ల నొప్పినే. ఇక్కడి కెమెరా వెనక ఉన్నది అప్పుడు మేం నేర్పిన చదువే. దాన్ని తిట్టుకుని లాభం లేదు, నేను చెప్పిందే అది నేర్చుకుంది.

సిగ్గు చంపుకుని, పోయినేడు ఆమెను చూడడానికి తండాకు వెళ్లాను. కోడలు గడపలోకి వచ్చి, "అత్త పోయి ఏడాదైతాంది" అంది. లోపలికి రమ్మని పిలిచింది. గడప బయటి నుంచే దండం పెట్టి వెనక్కి తిరిగాను.

ఈ ఉదయం సున్నా చూశాక, పాప కాళ్ల వైపు చూశాను. వేళ్లన్నీ ఎడంగా చాపి ఉంది. నుదుటి మీద అరచెయ్యి పెట్టి, అలాగే ఉంచాను. కాసేపటికి వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. ముఖం కనిపించడం లేదు, అడ్డు తీయండి అని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

నేను తీయలేదు.