కొట్టిన చేతి ముద్ద

నా చిన్నప్పుడు నాకు చేతివాటం ఉందన్న సంగతి మా అమ్మానాయనలకు తెలియదు. మొదటిసారి పనికి దిగిన రోజే నెత్తురు కళ్ళజూశాను కాబట్టి ఆ విద్యలో నేను పైకి రాలేకపోయాను.

కంభం దగ్గర మా పేట. తెల్లవాళ్ళ కాలం, యుద్ధం ముగిసిన ఏడు. క్రిస్మస్‌కు పేటంతా కలిసి ఒక ఎద్దును కోసేవాళ్ళు. ఈతచాప మీద ఇంటికొక కుప్ప చొప్పున మాంసం పెట్టే పని మా నాయనది. అందరూ తీసుకున్నాక మిగిలిన కుప్పే ఆయనది. అందుకే ఆ చేతిని ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు. ఏటా ఇద్దరికే వచ్చే కార్జం వంతు ఆ ఏడు మాకూ, పక్కింట్లో ఉండే మామకూ పడింది. మామ మా అమ్మకు తమ్ముడు. నాకేమో కాల్చిన కార్జమంటే ప్రాణం, మా వంతు ఒక్కటే చాలదనిపించింది. ఎవరూ చూడకుండా మామ కుప్పలోని ముక్క తీసి కోళ్ళగంప కింద దాచాను.

మామ వచ్చి కుప్ప చూసుకున్నాడు.

"బావా, నా కార్జమేది?"

"పెట్టినాను గదరా."

"పెట్టినావా, మింగినావా?"

నాయన చెయ్యి లేచింది. మామ పన్నొకటి ఊడి కుప్పల్లో పడింది. అది ఏ ఇంటి కూరలో ఉడికిందో ఇప్పటికీ తెలియదు. మామ ఎముకలు నరికే గొడ్డలి తిరగేసి కొట్టాడు, నాయన కనుబొమ్మ చీలింది. ఎద్దును కోసిన కత్తి నాయన చేతిలోనే ఉంది. అది మామ ముంజేతిని కోసింది. అడ్డుపడ్డ అమ్మ వెనక్కి పడితే తల రోలుకు తగిలింది. మాంసం పంచుకోవాల్సినవాళ్ళు గుద్దులు పంచుకుంటూ చాపమీద దొర్లారు. ఏది ఎద్దు నెత్తురో, ఏది మనుషులదో తెలియలేదు. నిజం చెబితే ఆగిపోతుందని నాకు తెలుసు. అయినా చెప్పలేదు. కళ్ళు మాత్రం కోళ్ళగంప వైపే పోయాయి. అది మా చిన్నాయన కనిపెట్టాడు.

చిన్నాయన నాయనకు తమ్ముడు. పట్టాళంలో చేరి, సింగపూరులో జపానువాళ్ళకు పట్టుబడి, మూడేళ్ళు ఖైదులో ఉండి ఆ మధ్యే ఇల్లు చేరాడు. వెనకనుంచి పడి నాయన మణికట్టు మెలిపెట్టి కత్తి లాక్కున్నాడు. మామను ఇద్దరు మనుషులు నేలకు అదిమిపెట్టారు.

"సంపుకోవాల్నంటే తిని సంపుకోండి" అన్నాడు చిన్నాయన.

కండను పలచగా కోసి, తలకు గుడ్డ కట్టుకుని అమ్మ రాజేసిన నిప్పుల మీద పరిచాడు. రేగుపండ్లు, ఎండుమిరపకాయలు, బెల్లం కలిపి నూరాడు. బచ్చలాకు అరచేతిలో పెట్టుకుని, కాలిన ముక్కను ఆ రేగుతొక్కులో అద్ది, ఆకులో చుట్టాడు. చుడుతూనే చెప్పాడు. ఖైదులో కాపలా కాసే కొరియావాడొకడు తుపాకీ మడమతో రోజూ కొట్టేవాడట. చిన్నాయనకు విరిగిన రెండు పక్కటెముకలూ వాడి పుణ్యమే. ఒకనాడు ఎక్కడో దొరికిన ఎద్దుమాంసం కాల్చుకుంటూ, వాడే ఇట్లా ఆకులో చుట్టి చిన్నాయన నోట్లో పెట్టాడట. వాళ్ళ దేశంలో అట్లా తినిపిస్తారట.

"మర్నాడు మళ్ళా కొట్టినాడు. కానీ ఆ చెయ్యి ముందట్ల పడలే" అన్నాడు. "ఎవురి చెయ్యి ఎవురి మీద పడిందో, ఆ చెయ్యే వాళ్ళ నోట్లో పెట్టాల."

నాయన కొట్టిన చేత్తోనే ఆకు చుట్టి మామ నోటి దగ్గర పెట్టాడు.

"పన్నూడగొట్టి నమలమంటే ఎట్ల?" అన్నాడు మామ.

"మింగు. మింగేదాని మీదనే గదా కొట్లాట" అన్నాడు చిన్నాయన.

మామ మింగాడు గానీ తిరిగి పెట్టలేదు. తెగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చిన్నాయన గంప ఎత్తి, వీపు అడ్డంపెట్టి, నేను దాచిన ముక్కను నిప్పుల మీద వేశాడు.

"రా పాపా" అన్నాడు మెల్లగా. "నువ్వు కొట్టింది మీ మామనే."

కాలిన కార్జాన్ని ఆకులో చుట్టి మామ నోట్లో పెట్టాను. రెండుసార్లు నమిలి ఆగిపోయాడు. నన్ను చూశాడు. నాయన కనుబొమ్మ నుంచి కారుతున్న నెత్తురు చూశాడు. తెగిన చేత్తోనే ఒక ఆకు చుట్టి నాయన దగ్గరికి పోయాడు. ఆకు ఎర్రగా తడిసింది. నాయన అట్లాగే తిన్నాడు. మామ బతికినన్నాళ్ళూ నా పేరు బయటపెట్టలేదు.

పెద్దయ్యాక నేనూ కోపిష్టిదాన్నే అయ్యాను, పిల్లల్ని కొట్టాను. కొట్టిన ప్రతిసారీ అదే చేత్తో ముద్ద కలిపి తినిపించాను. మా పిల్లలు నలుగురూ కాస్త లావుగా ఉంటారు. ఎందుకని ఎవరైనా అడిగితే, మా వంశమే అంత అని చెబుతుంటాను.