అరిగిన కాసు, టీచరత్త కళ్ళజోడు

నా చిన్నప్పుడు ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే చాలు, నాకు కడుపులో నొప్పి వచ్చేది. సాకు కాదు, నిజంగానే వచ్చేది. ఏడో తరగతి పరీక్షలో మిగతావన్నీ ఎలాగో గట్టెక్కి, ఆ ఒక్కదాంట్లో తప్పాను. మా నాన్న కొట్టలేదు, తిట్టలేదు. మనకు చదువు అచ్చిరాలేదులే, ఇక బడి మానేసి మిరపచేలోకి రమ్మన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ వేసవి చివర, తొలకరి పడ్డ మర్నాడు, గురజాల దగ్గరి మా చేలో నాన్నకు ఒక కాసు దొరికింది. చూడటానికి పావలా అంతే ఉంది కానీ మందం ఎక్కువ. ఊళ్ళో కంసాలి దాన్ని గీకి చూసి మంచి వెండేనన్నాడు. బొమ్మ అరిగిపోయింది కాబట్టి ఎవరి కాసో చెప్పలేనని, కరిగిస్తే మా అమ్మకు మెట్టెలవుతాయని అన్నాడు. అమ్మ అప్పటికే చింతపండూ ఇటుకపొడీ తీసుకుని తోమడానికి కూర్చుంది. నాన్నకు మాత్రం అది అమ్మవారి కాసేమోనని అనుమానం. అమ్మవారిని కరిగిస్తే ఇంకేమన్నా ఉందా? తోమొద్దని కేకేసి, నన్ను వెంటబెట్టుకుని పక్కింటి టీచరత్త దగ్గరికి వెళ్ళాడు.

టీచరత్త హైస్కూల్లో సోషల్ చెప్పేది. వాళ్ళు చర్చికి వెళ్ళే మనుషులు, మాకు చుట్టాలూ కారు. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె అత్తే, మా నాన్న ఆమెకు అన్నయ్యే. నేను పరీక్ష తప్పినట్టూ, నాన్న బడి మానిపిస్తున్నట్టూ ఆమెకు తెలుసు. నాన్న గుమ్మంలోనే సంగతి చెబితే, వినీ విననట్టు లోపలికి వెళ్ళి కాగితమూ పెన్సిలూ పట్టుకొచ్చింది. కాసును ఉత్త నీళ్ళతో కడిగి, కాగితం కింద పెట్టి, పెన్సిల్ను పక్కకు వాల్చి మెల్లగా రుద్దింది. కాసు మీద కంటికి ఆననివన్నీ కాగితం మీద కనిపించసాగాయి. అప్పుడు కళ్ళు చికిలించి, కాగితాన్ని నా ముందుకు తోసింది.

“నా కళ్ళజోడు ఇరిగిందన్నయ్యా. ఏందో అంతా అలుక్కుపోయినట్టుంది. పిల్లను చూసి చెప్పమను.”

కాగితం మీది బొమ్మ తల చుట్టూ ఉన్నవి అక్షరాలనీ, అవి ఇంగ్లీషువేననీ అప్పటికే చూసేశాను. నాన్న ఎదురుగా మళ్ళీ తప్పుతాను దేవుడా అనుకున్నాను. అత్త తొందరపెట్టలేదు. ముందు బొమ్మ సంగతి చెప్పమంది. మగమనిషి తల అన్నాను. కురచ జుట్టు చుట్టూ ఆకుల దండ ఉందనీ, దాన్ని వెనక మెడ మీద ముడేశారనీ చెప్పాను. అమ్మవారు కాదని నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. రెండోవైపు రుద్దితే, కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, చేతిలో ఒక రెమ్మ. అప్పుడడిగింది అక్షరాలు. చాలామటుకు అరిగిపోయి మూడే మిగిలాయి. ఏ, వీ, జీ అని గొణిగాను. గట్టిగా చెప్పమంటే గట్టిగా చెప్పాను.

అయితే ఇంగ్లీషోళ్ళ కాసే కదా అన్నాడు నాన్న. కాదంది అత్త. ఇంగ్లీషోళ్ళు కూడా ఆ అక్షరాలు ఇంకొకళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళేనంది. ఆ మాట వినగానే నాకు సగం భయం పోయింది. బీరువాలోంచి లావుపాటి చరిత్ర పుస్తకం తీసి, పాత నాణేల బొమ్మలున్న పేజీ వెతకమని నా ఒళ్ళో పెట్టింది. వేలు పెట్టి ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోయాను. ఒకచోట అదే ఆకుల దండ, అదే కుర్చీ, అవే అక్షరాలు. రోము చక్రవర్తి వెండి నాణెం అని కింద తెలుగులో ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట వాళ్ళు మన మిరియాల కోసం, బట్టల కోసం ఓడలేసుకుని వచ్చేవాళ్ళట. నాన్న కాసును వదిలేసి నన్నే చూస్తున్నాడు.

“అంతా అరిగిపోయినదాంట్లోంచి ఇంత చదివింది. అచ్చేసిన పుస్తకం చదవలేదా అన్నయ్యా?” అంది అత్త.

అత్త మంచినీళ్ళు తెమ్మంటే లోపలికి వెళ్ళాను. బల్ల మీద బైబిల్, దాని మీద ఆమె కళ్ళజోడు. రెండు అద్దాలూ నిక్షేపంగా ఉన్నాయి. నేను చెంబుతో తిరిగొచ్చి నోరు తెరవబోతే, నీళ్ళు ఒలకబోస్తున్నావని కసిరింది.

కాసును నాన్న తాలూకా ఆఫీసులో ఒప్పజెప్పాడు. బడి తెరిచిన రోజున తనే వచ్చి నన్ను మళ్ళీ ఏడులో కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నేను పంతులమ్మనయ్యాను. చెప్పింది ఇంగ్లీషే అంటే ఇప్పటికీ మా వాళ్ళు నవ్వుతారు. ఆ పెన్సిల్ కాగితం నా దగ్గరే ఉంది.

మొన్న మా మనవరాలు తనకు తెలుగు రాదని ఏడ్చి, వాచకం మంచం కిందికి విసిరేసింది. పాపం, వాళ్ళ బళ్ళో అంతా ఇంగ్లీషే. నేను పుస్తకం తీసి, దుమ్ము దులిపి, నా కళ్ళజోడు మెల్లగా తలగడ కిందికి తోసేశాను. సరిగ్గా కనపడట్లేదే, కాస్త చదివిపెట్టు అన్నాను. ముక్కు తుడుచుకుని, వేలు పెట్టి కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. నేను తొందరపెట్టలేదు.