అధ్యక్షుల గ్రంథాలయాలు, నా తలపిన్ను

పంతొమ్మిది వందల డెబ్బైల్లో, ఒమన్ దేశంలోని సలాలాలో నర్సుగా చేస్తుండేదాన్ని. తుంపర వానలు మొదలైన రోజుల్లో, కాలు విరిగి మా వార్డులో పడుకున్న ఒక అమెరికా ఇంజనీరు ఇంటికెళ్ళిపోతూ తన లావుపాటి పుస్తకాన్ని నా చేతిలో పెట్టాడు. వాళ్ళ దేశాధ్యక్షుల పేరిట కట్టిన గ్రంథాలయాల గురించిన పుస్తకం. ఊరికే ఇవ్వలేదులెండి, నేనే అడిగాను. మా ఆయన కాకినాడ దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ మరి.

ఆయనకో చాదస్తం ఉండేది. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ దులిపేవారు. బస్సు టిక్కెట్టు, ఎండిన కనకాంబరం, సగం రాసిన ఉత్తరం, ఏది రాలినా ఒక రిజిస్టరులో ఎక్కించి, మనిషి వచ్చి సంతకం పెడితేగాని ఇచ్చేవారు కారు. పెళ్ళికి ముందు, నర్సింగు చదివే రోజుల్లో, ఆగిన పేజీ గుర్తుకోసం పెట్టి నేను మరిచిపోయిన తలపిన్నూ అందులోకెక్కింది. "ఈ పిన్ను మీదేనాండీ? ఇక్కడో సంతకం పెట్టి పట్టుకెళ్ళండి" అన్నారు, తలెత్తకుండా. పైసా విలువ చెయ్యని పిన్నుకి ఇంత తతంగమా అని నవ్వుకున్నాను. ఆ తర్వాత కావాలనే ఇంకో మూడు పిన్నులు మరిచిపోయాను.

సలాలా వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది. సెలవు అడిగినప్పుడల్లా మనుషులు తక్కువున్నారనేది మేట్రన్. నేనూ నోరు మూసుకుని వచ్చేసేదాన్ని. ఉత్తరాల్లో రాయడానికి డ్యూటీ కబుర్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఈ పుస్తకంలోంచి నాలుగు మంచి సంగతులు ఏరి ఆయనకి పెద్ద ఉత్తరం రాద్దామని ఆశపడ్డాను.

వారం రోజులు చదివాను. చలువరాళ్ళు, మెట్లు, శంకుస్థాపన చేసిన పెద్దమనుషులు. అద్దాల వెనక అధ్యక్షులవారి టోపీ, కలం, ఎవరో రాజుగారిచ్చిన కత్తి. ఎన్ని బొమ్మలు తిరగేసినా, బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలు దులిపే మనిషి ఒక్కడూ లేడు. ఒళ్ళు మండింది. అన్ని పేజీల్లోనూ నేను వెతికింది మా ఆయన్నేనని చివరి బొమ్మ దాకా వచ్చాకగాని నాకే తెలియలేదు. ఆయన్ని చూడాలనిపించింది. ఏడుపొచ్చేంతగా చూడాలనిపించింది.

నా రూమ్‌లో ఉండే కాకినాడ సిస్టర్ సెలవు మీద ఊరికి బయల్దేరింది. నా నర్సు టోపీకి పెట్టుకునే పిన్ను తీసి, అన్నిటికంటే విసుగు పుట్టించిన పేజీలో పెట్టి, పుస్తకం మా ఆయనకివ్వమని ఆమె చేతికిచ్చాను.

"ఇంత బరువు మోయిస్తా, ఒక్క ముక్కయినా రాయవేంటక్కా?" అంది.

రాయలేదు. నెలన్నరకి ఆమె తిరిగొస్తూ ఆయన ఉత్తరం తెచ్చింది. నిండా నాలుగు వాక్యాలు కూడా లేవు.

"పుస్తకం నేనూ పూర్తి చెయ్యలేకపోయాను. అందులో దొరికిన పిన్ను రిజిస్టరులో ఎక్కించాను. నువ్వే వచ్చి సంతకం పెట్టి పట్టుకెళ్ళాలి."

ఆ మధ్యాహ్నమే మేట్రన్ గదికి వెళ్ళాను. సెలవు కాగితం చేతికొచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.