సోల మీద గుప్పెడు

కిందటి చలికాలం మా కాఫీ తోటలు చూడడానికి వచ్చిన ఒక జర్మనీ ఆవిడను చింతపల్లి సంతకు తీసుకెళ్లాను. తనది కూడా వారం వారం సంత జరిగే చిన్న ఊరేనట. నేను పెద్దగా చదువుకోలేదు గానీ లెక్కలూ, కాస్త ఇంగ్లీషూ సొంతంగా నేర్చుకున్నాను. "మా దగ్గర కొలతంటే కొలతే, గింజ తేడా రాదు" అని దారంతా గొప్పలు చెప్పాను.

రాజ్మా అమ్మే గంగమ్మ సోల నిండా కొలిచి సంచిలో పోసి, అలవాటుగా పైన గుప్పెడు కొసరు వేసింది. పొరపాటున ఎక్కువ పడ్డాయనుకుని, జర్మనీ ఆవిడ ఓ గుప్పెడు తీసి తిరిగి గంపలో పోసేసింది.

గంగమ్మ మొహం మాడిపోయింది. "ఏటి బావూ, కొన్నది ఉంచుకుని, నాను పెట్టింది పారేత్తాదా? నాకీ బేరవే వద్దు, గింజలిలా పొయ్యి!" అంది. చుట్టూ జనం మూగారు. "తప్పు నాది పిన్నీ" అని, కొసరు సంగతి ఆవిడకు వివరించాను.

ఆవిడ నవ్వేసింది. వాళ్ల సంతలో మాంసం అమ్మే ఆయన, తల్లి వెంట వచ్చిన ప్రతి పిల్ల చేతిలో తినడానికి ఉడికించిన ముక్క ఒకటి ఊరికే పెడతాడట. చిన్నప్పుడు తను దానికోసమే సంతకు వెళ్లేదట. ఆ మాట తెలుగులో చెప్పగానే గంగమ్మ మెత్తబడింది. "అయితే సెయ్యి పట్టమను" అంది.

ఆవిడ చిన్నపిల్లలా రెండు చేతులూ చాపింది. గంగమ్మ ఈసారి రెండు గుప్పెళ్లు పోసింది.

సంతంటే కొలతేనని చెప్పి, కొసరు మాట మరిచిపోయినందుకు నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.