మావయ్య మాట ఉన్న సీడీ

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని భోజనానికి కూర్చోబోతుంటే, ముందు గదిలోంచి మా ఆవిడ కేకేసింది, "ఏవండీ, మీ ఇంటి సినిమా వచ్చింది రండి!" అని. వెళ్ళి చూద్దును కదా, ఇరవయ్యేళ్ళ పైచిలుకు కిందటి ఆ కామెడీ సినిమాకి ఎవరో గీతలన్నీ తుడిచి, రంగులు కొత్తగా అద్ది, ఇంట్లో కూర్చుని చూసుకునేలా మళ్ళీ విడుదల చేశారట. ఆరు కుటుంబాలు ఒకే ఇంట్లో, ఒకే కుళాయి దగ్గర బిందెలతో కొట్టుకు చచ్చే కథ. మా అమ్మాయి సోఫాలో పడి పడి నవ్వుతోంది. "మీ ఇంటి సినిమా" అనడంలో మా ఆవిడకి వెటకారం ఎంతైనా ఉండొచ్చు గానీ అందులో అబద్ధం లేదు. అది తీసింది నేను నాలుగేళ్ళు కాపురమున్న ఇంట్లోనే. అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్న పెద్దాయన మా మావయ్యే. ఆయన వచ్చే సీను దగ్గరపడుతోందని నాకు తెలుసు. అందుకని మంచినీళ్ళ వంక పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఈ వయసులో ఇంత పిరికితనం ఏంటని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

ఆ ఇల్లు రాజమండ్రిలో, గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల ఉండేది. ఇంటాయన కాకినాడలో ఉండేవాడు, ఇల్లు మటుకు ఆరు వాటాలుగా మా అందరి మధ్యా ఉండేది. గోడలు ఎంత పల్చనంటే, నాలుగో వాటాలో పులుసు పొంగుతుంటే మొదటి వాటాలోంచి "పొయ్యి తగ్గించండీ" అని వినిపించేది. ఎవరింట్లో దెబ్బలాట మొదలైనా, తీర్పు మిగతా ఐదు వాటాల్లో అప్పటికే తయారుగా ఉండేది. నాకు గుమస్తా ఉద్యోగం వచ్చి నరసాపురం నుంచి వచ్చినప్పుడు, మా అత్తయ్య వాళ్ళ వాటాలోనే ఒక మడత మంచం వేసుకున్నాను. అత్తయ్యంటే మా నాన్నగారి అక్క. మిషను బళ్ళో టీచరు. పిల్లల్లేరు గనక ఊళ్ళో పిల్లలందరినీ తిట్టే హక్కు ఆవిడకి ఉండేది. మావయ్య ధవళేశ్వరం కాలవల ఆఫీసులో గుమస్తాగిరీ చేసి రిటైరయ్యారు. ఆయనకి మర్యాద ఒక జబ్బులాంటిది. వీధి కుక్క అరుగెక్కితే "కాస్త అవతలికి వెళ్ళండి" అనేవారు. ఆయన గొంతు పెద్దదేం కాదు, లోతైనది. అందులో కొంచెం జీర. మాట మొదలెట్టే ముందు "ఆయ్" అని చిన్నగా ఒకటి అనుకుని, అప్పుడు అసలు మాటలోకి దిగేవారు. చర్చిలో పాట అందుకుంటే అందరి గొంతులూ పైకి వెళ్ళేవి, ఆయన గొంతొక్కటీ కింద ఉండిపోయేది. ఇలా రాస్తున్నాను గానీ, ఇది వర్ణన మాత్రమే, ఆ గొంతు కాదు.

సినిమా వాళ్ళు వచ్చి ఒక ఎండాకాలం పన్నెండు రోజులు ఇల్లంతా ఆక్రమించారు. సెట్టు వెయ్యక్కర్లేకుండా ఇంత ఇరుకు దొరకడం వాళ్ళ అదృష్టం అన్నాడు డైరెక్టరు. అది పొగడ్తో కాదో తేల్చుకోలేక మేమందరం నవ్వాం. అరుగు మీద కూర్చున్న మావయ్యని చూసి, "పెద్దాయన్ని కదపొద్దు, ఇలాగే ఒక ముక్క మాట్లాడిద్దాం" అన్నాడు. హీరో పెట్టే బేడా పట్టుకుని వచ్చి వాటా కావాలని అడగాలి. మావయ్య పేపరు దించి, "ఖాళీ లేదండి. ఉన్నవాళ్ళకే ఖాళీ లేదు" అనాలి. అంతే. మొదటిసారి అన్నారు, వెంటనే "ఎండన పడి వచ్చారు, కాస్త మజ్జిగ పుచ్చుకుని వెళ్ళండి" అని కూడా కలిపారు. మజ్జిగ వద్దన్నాడు డైరెక్టరు. రెండోసారి మజ్జిగ మానేసి, హీరోకి కూర్చోమని కుర్చీ చూపించారు. మనిషిని గుమ్మంలోంచి వట్టినే పంపడం ఆయన వల్ల కాలేదు. నాలుగోసారికి కుదిరింది. పక్కనే జనరేటరు రొద. వెనక వాటాలో ఉండే లెక్కల మేష్టారు అనుమానంగా, "ఈ చప్పుడులో మాట పడుతుందాండి?" అని అడిగారు. "అదంతా తర్వాత చూసుకుంటామండి" అన్నాడో కుర్రాడు. రొద తీసేసి మాట ఉంచుతారు కాబోలు అనుకున్నాం మేం. సినిమాలు చూసి చూసి కళ్ళు అరిగినవాళ్ళమే గానీ, మాట ఒకరిదీ మనిషి ఒకరూ అయ్యే సంగతి మా ఆరు వాటాల్లో ఒక్కరికీ తెలియదు.

ఆ వానాకాలంలోనే, ఒక మధ్యాహ్నం, అదే అరుగు మీద కుర్చీలో మావయ్య పోయారు. నిద్ర అనుకుని అత్తయ్య రెండుసార్లు కాఫీ వేడి చేసింది. తర్వాత నెలకి మేష్టారింటి ఫోనుకి సినిమా ఆఫీసు నుంచి కబురొచ్చింది, పెద్దాయన్ని ఒక రోజు హైదరాబాదు పంపగలరా అని. ఆయన లేరని మేష్టారు చెప్పారు. అయ్యో అని పెట్టేశారట. ఎందుకు రమ్మన్నారో మాకు తోచలేదు. పాపం, సన్మానానికేమో అన్నారు మేష్టారు.

అత్తయ్య ఏడ్చిందీ తక్కువే, మాట్లాడిందీ తక్కువే. ఒకసారి మాత్రం బట్టలు మడతపెడుతూ అంది, "ముఖానికి ఫొటోలున్నాయిరా అబ్బాయ్. గొంతుకే ఏం లేదు. పొద్దున్న లేవగానే వినిపిస్తుంది, సాయంత్రానికి ఎంత తల్చుకున్నా రాదు. సినిమాలో ఉంది కదా, అదొక్కటే ధైర్యం నాకు." ఆవిడకి కావలసింది అదొక్కటే. అది ఇంట్లో అందరికీ తెలుసు.

సినిమా వచ్చింది. అత్తయ్య మాత్రం హాలుకి రానంది. చిన్నప్పుడు బోర్డింగు బళ్ళో, చర్చిలో పూర్తి సభ్యురాలిగా చేర్చుకునే కన్ఫర్మేషన్ రోజున, సినిమా హాలు గడప తొక్కనని మిషను దొరసాని చేతిలో చెయ్యేసి మాటిచ్చిందట. దొరసాని వాళ్ళ దేశం వెళ్ళి, అక్కడ్నించి పైలోకానికీ వెళ్ళి ఎన్నేళ్ళో అయింది, మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అలాగని అత్తయ్యకి సినిమాల మీద కోపమేం లేదు. టీవీలో ఆదివారం సినిమా ఒక్కటీ వదిలేది కాదు. "మనం దాని దగ్గరికి వెళ్ళలేదు, అదే మనింటికి వచ్చింది" అని ఆవిడ వాదన. పాస్టరు గారు కూడా దీనికి జవాబు చెప్పలేక టీ తాగి వెళ్ళిపోయారు. కాబట్టి సీడీ వచ్చేదాకా ఆగుతానంది.

మేమంతా మ్యాట్నీకి వెళ్ళాం. మావయ్య తెర మీదికి వచ్చారు. పేపరు దించారు. ఆయన నోరు తెరిచారు. ఎవరిదో సన్నటి, కీచు గొంతు, "ఖాళీ లేదండీఈఈ" అని సాగదీసి పలికింది. హాలంతా గొల్లుమంది. మా వరసలో మాత్రం ఎవరూ నవ్వలేదు. మేష్టారు నా చెయ్యి పట్టుకుని, "ఆయన చేతే మాట మళ్ళీ చెప్పించడానికన్నమాట ఫోను చేసింది" అన్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఆయన మాట వినిపించిందా?" అంది. వినిపించిందన్నాను. "ఎలా ఉంది?" అంది. ఆ ముఖం చూస్తూ నిజం చెప్పగల మగాడెవడైనా ఉంటే నాకు చూపించండి. "ఆయన లాగే ఉందత్తయ్యా" అన్నాను. ఆవిడ ఊరుకోలేదు, సాక్ష్యాలు సేకరించింది. మేష్టార్ని అడిగింది, ఆయన అలాగే చెప్పారు. మేడ మీద వాటాలో ఉండే నర్సమ్మని అడిగింది, ఆవిడ ఇంకో మెట్టెక్కి "కళ్ళు మూసుకుంటే పక్కనే ఉన్నట్టుందండి" అంది. మేమెవరమూ కూడబలుక్కోలేదు. వాటాల ఇంట్లో కుళాయీ పెరడూ మాత్రమే కాదు, అబద్ధం కూడా ఉమ్మడిదే అయిపోయింది.

అప్పట్నించి నా బతుకు అధ్వాన్నమైంది. అత్తయ్య సీడీ ప్లేయరు కొని, మా అమ్మ నరసాపురం నుంచి అల్లి పంపిన లేసు గుడ్డ కప్పి, బల్ల మీద పెట్టింది. ప్రతి శనివారం బడి వదిలాక సీడీల కొట్టుకి వెళ్ళి అడిగేది. దొంగ సీడీ హాల్లో సినిమా ఉండగానే వచ్చేసింది. కొట్టువాడు అది చూపిస్తే, దొంగసొత్తులో ఆయన్ని చూడనంది. దొంగిలకూడదన్న బైబిలు ఆజ్ఞ పుణ్యమా అని నాకు కొన్ని నెలలు గడువు దొరికింది. నేను ఆఫీసు నుంచి వస్తూ అదే కొట్టుకి వెళ్ళి, ఆ సినిమా వస్తే తెప్పించొద్దని బతిమాలుకునేవాణ్ణి. "ఒకే ఇంట్లోంచి ఇద్దరు వస్తారు, ఒకరు కావాలంటారు, ఒకరు వద్దంటారు. నేను ఎవరి మాట వినాలండి?" అన్నాడు కొట్టువాడు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో నోరు తెరిచాను. ఒకసారి ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తనలో తాను నవ్వుకుంటోంది. ఇంకోసారి మావయ్య చొక్కా గుండీలు కుడుతోంది, ఎవరికోసమో నేను అడగలేదు. చెబితే ఆవిడ ఆశగా ఎదురుచూసే ఆ నెలలు పోతాయి, చెప్పకపోతే సీడీ వచ్చే ఆ రోజు వస్తుంది. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఏమీ చెయ్యలేదు.

సీడీ వచ్చింది. అట్ట మీద కుళాయి, దాని చుట్టూ ఆరు బిందెలు. అత్తయ్య శనివారం మధ్యాహ్నం అందరినీ పిలిచి, బజ్జీలు వేసి, చాపలు పరిచి కూర్చోబెట్టింది. తప్పించుకోవడానికి మేష్టారు ట్యూషను ఉందన్నారు. "పిల్లల్ని కూడా తీసుకురండి" అంది. మొదలెట్టే ముందు లేచి నిలబడి ప్రార్థన చేసింది. ఆయన మాట మళ్ళీ వినే భాగ్యం ఇచ్చినందుకు స్తోత్రాలు చెప్పింది. కామెడీ సినిమాకి ఆమెన్ చెప్పడం నాకదే మొదలు, అదే చివర.

పావుగంటకి మావయ్య వచ్చారు. పేపరు దించారు. ఆ కీచు గొంతు వచ్చింది. అత్తయ్య చిరునవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యడం మర్చిపోయినట్టు. "ఆపరా" అంది. ఆపాను. "ఎవరిదిరా ఆ గొంతు?" అంది. చెప్పాను, వేరే వాళ్ళ చేత చెప్పిస్తారని. "మరి ఆయన అన్నది ఏదీ?" "అది ఉంచరత్తయ్యా." "ఎక్కడా?" "ఎక్కడా ఉంచరు." చాపల మీద ఉన్నవాళ్ళందరి వంకా ఒకసారి చూసింది. ఎవరూ తలెత్తలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే ఎంత బాగుండేదో.

తిట్టలేదు. "ఆ రోజు మీరందరూ అక్కడే ఉన్నారు కదా, విన్నారు కదా. ఆయన ఎలా అన్నారో ఒకసారి అనండి" అంది. మేష్టారు గొంతు సవరించుకుని అన్నారు. పాఠం చెప్పినట్టుంది. కాదని తలూపింది. నేను గొంతు బాగా కిందికి దించి అన్నాను. "నీకు జలుబు చేసినట్టుంది" అంది. నర్సమ్మ ప్రయత్నించింది. ఆవిడ ఆడగొంతులో ఆ "ఆయ్" వినగానే ట్యూషను పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్ళూ తలొకసారి అన్నారు. ఇంకా కొంచెం కింద, కాదు, ఇంకా మెల్లగా, కాదు. చివరికి అత్తయ్యే నవ్వడం మొదలెట్టింది. అందరం నవ్వాం. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆవిడవి నవ్వు నీళ్ళో కావో నేను చూడదల్చుకోలేదు. తర్వాత ఎప్పుడో గమనించాను, అప్పటిదాకా నా చెవిలో కాస్తో కూస్తో మిగిలున్న మావయ్య గొంతు ఆ మధ్యాహ్నం నుంచి లేదు. అంతమంది అన్న మాటల కింద అది ఎక్కడో పడి నలిగిపోయింది. మేం అందరం కలిసి సాయం చెయ్యబోయి ఉన్నది కూడా పోగొట్టాం.

చాలా ఏళ్ళ తర్వాత, అత్తయ్య మా దగ్గరికి వచ్చేసిన రోజుల్లో, కొత్తగా వచ్చిన పాస్టరు గారి భార్య చూడ్డానికి వచ్చింది. మావయ్య ఫొటో చూసి, ఎలా ఉండేవారండి అని అడిగింది. అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "సినిమాలో కూడా చేశారమ్మా. అరుగు మీద కూర్చుని, ఇదిగో, ఇలా అనేవారు" అని పేపరు దించినట్టు చెయ్యి దించి, సన్నటి కీచు గొంతుతో, సాగదీస్తూ, "ఖాళీ లేదండీఈఈ" అంది. అని, తృప్తిగా నవ్వింది. "అచ్చం ఇదే గొంతమ్మా. ఇన్నేళ్ళయినా నా చెవిలోనే ఉంది" అంది.

నేను పక్కనే ఉన్నాను. కాదత్తయ్యా అందామని నోరు తెరిచాను. అసలుది ఎలా ఉండేదో అని చూపించమంటే నా దగ్గర మాత్రం ఏముంది? కాలం పట్టుకుపోయినదాని కోసం ఏడవడమైనా మనకి తెలుసు, పోయినదాని చోట కాలం పెట్టిపోయినదాన్ని మాత్రం మనదే అనుకుని దాచుకుంటాం.