ఉండనివ్వమన్నది నేనే

మా అపార్ట్‌మెంటులో పెచ్చులూడుతున్న పైకప్పును నిన్న మేస్త్రీ కర్రతో తట్టి చూశాడు. బోలుగా మోగింది. ఆ చప్పుడుకు ఖాదర్ సాబ్ గుర్తొచ్చాడు. నెల్లూరు మనిషి. డెబ్బైల చివర్లో గల్ఫ్‌లోని ఒక చిన్న ఎమిరేట్‌లో కట్టడాలు తనిఖీ చేసే సర్కారు ఇంజనీరు. మా ఊరివాళ్ళకు అదీ దుబాయే. నేను ఆయన దగ్గర గుమాస్తాను. మహా కోపిష్ఠి. టీ చల్లారినా తిట్లు నాకే.

ఒక వేసవిలో కార్మికుల క్యాంపు చూడబోయాం. పైకప్పుకు పగుళ్ళున్నాయి. ఖాళీ చేయించాలా వద్దా అన్నది చట్టం తనిఖీ అధికారి విచక్షణకే వదిలేసింది. చేయిస్తే అంతమందీ మండుటెండలో ఇసుకపాలు. కఫీల్, అంటే వాళ్ళను పనికి తెచ్చుకున్న యజమాని, వేరే చోటు చూపించే రకం కాదు. ఖాదర్ సాబ్ గదిగదికీ నిచ్చెన వేయించి, కప్పు తట్టి చూసి, కింద ఊతాలు పెట్టించి, మరమ్మతు అయ్యేదాకా ఉండనివ్వమన్నాడు. వారం తిరక్కుండా ఒక మూల కూలింది. జగిత్యాల మల్లేశం కాలు తీసేయాల్సి వచ్చింది.

ఖాదర్ సాబ్ మీద కేసయింది. తప్పు రుజువైతే జైలు, ఆపైన దేశం నుంచి గెంటేయడం. విచారణ ముందురోజు మా ముదీర్, అంటే పై అధికారి, బయటపడే దారి చెప్పాడు. విచక్షణ చట్టం ఇచ్చింది, దాన్ని ఎవరూ ప్రశ్నించలేరు అంటే కేసు ఖలాస్. నాకు ప్రాణం లేచొచ్చింది. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆ మాటే అనండి సాబ్ అని కారులో బతిమాలాను. ఆయన బండి పక్కకు ఆపాడు.

"ఏంది అబ్బయా, ఇష్టం నాదీ, జవాబు చట్టానిదా? ఆ మల్లేశం ఎవర్ని అడగాల?"

మర్నాడు జడ్జి పగుళ్ళు చూశావా అని అడిగితే, నీళ్ళు నమలకుండా చెప్పాడు. "చూశాను. నిలుస్తుందనుకున్నా. ఉండనివ్వమన్నది నేనే." తర్వాత నన్ను పిలిచి నిచ్చెన గురించి, ఊతాల గురించి గుచ్చిగుచ్చి అడిగారు. కళ్ళారా చూసి, కారణంతో తీసుకున్న నిర్ణయం బెడిసికొడితే అది నేరం కాదన్నారు. జైలు తప్పింది. ఆ నెలలోనే ముదీర్ ఆయన ఉద్యోగం పొడిగించలేదు. అదీ విచక్షణే. ఎందుకని ముదీర్‌ను ఎవరూ అడగలేదు.

వెళ్ళిపోయే ముందు నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. కోర్టులో చెప్పిందే మంచం పక్కన నిలబడి మల్లేశానికీ చెప్పాడు. అతను కప్పుకేసి చూశాడు.

"ఉంటరా పోతరా అని మమ్ముల ఒక్క మాట అడుగకపోతిరి గద, సారూ."

జడ్జికి జంకని మనిషి తలదించుకున్నాడు. ఆయన్ని అలా చూడలేక నేను బయటికి వచ్చేశాను.

తర్వాత ఒక కంపెనీలో నేనే క్యాంప్ బాస్‌నయ్యాను. ఎవర్ని ఎక్కడ ఉంచాలన్నది నా ఇష్టమే. గది మార్చాల్సి వచ్చినప్పుడల్లా ముందు గుమ్మంలో నిలబడి అందులో ఉండేవాళ్ళను అడిగేవాణ్ణి. ఇది ఖాదర్ సాబ్ దగ్గర నేర్చుకున్నానని అందరితో అంటుంటాను. నిజానికి ఆయన నేర్పింది జవాబు చెప్పడం. అడగడం నేర్పింది మల్లేశం.