ఎవరూ ఎక్కకుండానే కుంగిన కారు

2019 ఆగస్టు. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద కార్లు బాగుచేసే రేకుల షెడ్డు నాది. ఆ నెలలో నేనొక దయ్యాన్ని పట్టుకున్నాను. ఒక జాకీ, ఒక స్పానరు, ఇరవై నిమిషాలు. అంతే. ఈ సంగతి టీ కొట్లో, పెళ్లి పందిళ్లలో, బస్సులో పక్క సీటువాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పేకొద్దీ ఇరవై నిమిషాలు పదిహేనయ్యాయి. రాయడానికి కూర్చుంటే మాత్రం ఆ ధైర్యం చాలడం లేదు. అసలు పట్టింది మూడు రోజులు. అందులో రెండు రోజులు నేను ఆ కారు దగ్గరికే సరిగా వెళ్లలేదు.

కారు పద్దెనిమిదేళ్ల నాటి చిన్న తెల్ల బండి. తెచ్చింది ఎస్తేరు, తర్లుపాడు దగ్గరి పల్లెలో బడి పంతులమ్మ. ఆమె భర్త ఆనందం అప్పటికి ఎనిమిది నెలల కిందట గుండె ఆగి చనిపోయాడు. వంద కిలోలకు తగ్గని మనిషి. కాలు విరిగి సరిగా అతక్క, చివరి రెండేళ్లు స్టీరింగు పట్టలేదు. భార్య నడిపేది. ఆయన వెనక సీట్లో, ఎడమ పక్కన, కాలు చాపుకుని కూర్చునేవాడు. ఆ సీటు స్పాంజిలో ఆయన కూర్చున్న గుంట అలాగే ఉంది.

"మామా, బండి కుంగుతా ఉంది" అంది ఎస్తేరు.

"పాత బండి గదమ్మా. కుంగదా?"

"అట్ల గాదు. నడిపేటప్పుడు బాగానే ఉంటాది. ఇంటి ముందర పెట్టి లోపలికి పోయి వస్తే దిగింటాది. ఎడమ పక్క, వెనక. ఆయన కూచునే మూల. ఎవురో ఎక్కినట్టు చప్పుడు గూడా వస్తాది. పది రోజుల్నుంచి ఇదే."

చక్రానికీ పైన రేకు అంచుకీ మధ్య సందును మేం వేళ్లతో కొలుస్తాం. కుడి పక్క నాలుగు వేళ్లు పట్టాయి. ఎడమ పక్క రెండున్నర. వెనక సీటు ఖాళీ.

అసలు కష్టం కారుతో కాదు. ఎస్తేరు అత్త సుందరమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు మార్కాపురం తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. చేయించాక ఆమె కూర్చోలేదు, వెనక సీటు నిండా పడుకుని ఇల్లు చేరాలి. ఒకసారి ఆటోలో తీసుకెళితే దారిలోనే స్పృహ తప్పింది. అలాంటి మనిషి సోమవారం కారు చూసి, తలుపు మీద చెయ్యి వేసి, "నేను ఎక్కను" అని ఇంట్లోకి వెళ్లిపోయిందట. ఎంత బతిమాలినా అదే మాట. ఆ వంతు తప్పిపోయింది. గురువారం వంతు కూడా తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరు చెప్పాడు.

"మా అత్త భయపడుతోంది మామా. కొడుకు దయ్యమై దాంట్లో కూచున్నాడని. గురువారం లోపల నువ్వే ఏందో ఒకటి చెయ్యాల."

అది మంగళవారం.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి. బండి బరువును మోసేది కాయిల్ స్ప్రింగు, అంటే చుట్టలు చుట్టిన లావుపాటి ఇనప కడ్డీ. గుంటలో పడినప్పుడు ఆ స్ప్రింగు ఊపును ఆపేది షాక్ అబ్సార్బరు, లోపల నూనె ఉండే గొట్టం. ఇనుముకీ ఇనుముకీ మధ్య రాపిడి లేకుండా ఉండే రబ్బరు ముక్కలు బుష్షులు. పాత చిన్న కార్లలో ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి పోతాయి. బుష్షు పోతే కటకటమంటుంది. స్ప్రింగు అలిసిపోతే బండి ఒక పక్కకు ఒరుగుతుంది. షాక్ అబ్సార్బరు సంగతి తెలియాలంటే మూలన రెండు అరచేతులూ ఆనించి, నొక్కి వదలాలి. బండి లేచి ఒక్కసారితో నిలవాలి. ఉయ్యాలలా ఊగితే లోపలి నూనె కారిపోయినట్టు.

ఎడమ మూల నొక్కాను. ఊగింది. టార్చి వేసి వంగి చూస్తే గొట్టం మీద నూనె మడ్డి. "షాక్ అబ్సార్బరమ్మా. ఒంగోలు నించి తెప్పిస్తా" అన్నాను గొప్పగా. అది సగం నిజమే. నూనె కారితే బండి ఊగుతుంది కానీ నిలబడ్డచోట కుంగదు. ఆ మాట నాకు తెలుసు. కిందికి దూరి చూడాలనీ తెలుసు. దూరలేదు. ఆ సీటు గుంట వైపు కన్ను పోయినప్పుడల్లా నా వీపు మీద చీమ పాకినట్టు ఉండేది.

బుధవారం మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద కుక్క కూడా లేదు. వేడికి షెడ్డు రేకులు చిటపటమంటున్నాయి. కారు సగం నీడలో, సగం ఎండలో ఉంది. నేను పదడుగుల దూరంలో ఇంకో బండి బుష్షులు కిరోసిన్‌లో కడుగుతున్నాను. టప్‌మని వినిపించింది. తలుపు మీద వేలి కణుపుతో కొట్టినట్టు. తలెత్తాను. మళ్లీ టప్. అప్పుడు ఆ ఎడమ మూల కిందికి దిగడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా కాదు. లావుపాటి మనిషి ముందు చెయ్యి ఆనించి, తర్వాత కాలు పెట్టి, ఆ తర్వాత నడుం వాల్చినట్టు, మూడు విడతలుగా. దిగాక కింది నుంచి "హూ..." అని ఒక నిట్టూర్పు. కూర్చున్నవాడు సర్దుకుని ఊపిరి వదిలినట్టే.

గాలి లేదు. మనిషి లేడు. అద్దంలోంచి చూస్తే సీటు గుంట పొద్దుటి కన్నా లోతుగా ఉన్నట్టు అనిపించింది. వెనక తలుపు అద్దం మీద లోపలి వైపు ఒక అరచేయంత మసక. అది అంతకుముందూ ఉందేమో. నేను చూడలేదు.

ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ "వెంటనే బండి కిందికి దూరినా" అంటాను. దూరలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టుకు నడిచాను. నడిచాననడం కూడా పెద్ద మాటే.

"ఏంది మస్తానూ, కాలికి చెప్పొకటే ఉంది?" అన్నాడు టీ కొట్టు సుబ్బయ్య.

"ఇంకోటి కిరోసిన్‌లో నానేసినాలే."

ఆ పూట మళ్లీ షెడ్డులో అడుగు పెట్టలేదు.

గురువారం పొద్దున ఒంగోలు బస్సులో షాక్ అబ్సార్బర్లు వచ్చాయి. ఇక తప్పదు. జాకీ ఎత్తి, చక్రం విప్పి, ఇరుసును కిందికి వదిలాను. స్ప్రింగు వదులైంది. దాని అడుగు నుంచి, బురదగడ్డలతో పాటు, నల్లటి పెళ్లలు జలజల రాలాయి. పలక రాయి. మా మార్కాపురం పలక. పొరలు పొరలుగా విడిపోయి ఉంది. ఒక్కొక్క పొరా చిట్లినప్పుడల్లా బండి ఆ మేరకు కుంగింది. చిట్లిన చప్పుడే ఆ టప్. ఒట్టిపోయిన షాక్ అబ్సార్బరు గాలి వదిలిన చప్పుడే ఆ నిట్టూర్పు.

నవ్వొచ్చింది. పెద్ద పెళ్ల ఒకటి చేతిలోకి తీసుకుని, బురద తుడిచి, తిప్పి చూశాను. నవ్వు ఆగిపోయింది. దాని మీద తెల్ల పెయింటుతో రాసి ఉంది: "ఆనందం బండి. వారం రోజులే."

రాత నాది.

తాత్కాలికంగా ఏది పెట్టినా దాని మీద రాసి పెట్టడం నా అలవాటు. ఆనందం చనిపోక ముందు వారం, ఎస్తేరు బడిలో ఉండగా, ఊళ్లో కుర్రాడెవరితోనో బండి నడిపించుకుని వచ్చాడు. ఆయన బరువుకు ఎడమ స్ప్రింగు అలిసిపోయింది. కొత్తది వచ్చేదాకా, టైరు రబ్బరు మధ్యలో పెట్టి మూడు పలక ముక్కలు దాని కింద దూర్చాను. ఇటువైపు మా మెకానిక్కులకు పలక చేతికందే వస్తువు. అది ఎండకు, వానకు పొర విడుస్తుందని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. వారమే కదా అనుకున్నాను. వారంలో ఆయన పోయాడు. నేను సమాధుల దాకా వెళ్లాను, మట్టి వేశాను, ఆ తెల్ల కారు పక్క నుంచే నడిచి వచ్చాను. పలక గుర్తు రాలేదు. తెప్పించిన కొత్త స్ప్రింగుల జత నా షెడ్డు గోడకే వేలాడుతోంది. రోజూ నా చొక్కా దానికే తగిలించేవాణ్ని.

పదింటికి ఎస్తేరు తన అత్తను ఆటోలో షెడ్డు దాకా తీసుకొచ్చింది. పన్నెండింటికి డయాలసిస్. తిరిగి ఆ కారులోనే పడుకుని వెళ్లాలంటే అసలు ఆసుపత్రికే రానని ఆమె పట్టు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక, వట్టి కాళ్లతో దిగింది. రాతి పెళ్లలు చూపించాను. రాత ఉన్నది మాత్రం జేబులో ఉంది.

"చూడు సుందరమ్మా. దయ్యమూ లేదు, ఏమీ లేదు. ఎవరో పనికిమాలిన గిద్దలూరు మేస్త్రీ స్ప్రింగు కింద పలక పెట్టినాడు. అది చిట్లుతోంది."

ఆమె ఆ పెళ్లల వైపు చూడనేలేదు. నన్నే చూసింది.

"నా కొడుకు నీకు తప్ప ఇంకోడికి బండి చూపియ్యలే. గిద్దలూరు ఎప్పుడు పోయినాడు వాడు?"

"పోయినాడేమోలే..."

"నన్ను ఎక్కియ్యాలని ఏందేందో కల్పిస్తాండావు. ఆ రాళ్లు నువ్వు తెచ్చి పోసినవే. పద ఎస్తేరూ, ఇంటికి పోదాం."

ఆటో వైపు తిరిగింది. రెండడుగులు వేసి, ఆయాసంతో స్తంభం పట్టుకుంది. గిద్దలూరు మేస్త్రీని సృష్టించడానికి నాకు క్షణం పట్టలేదు. జేబులోకి చెయ్యి పోవడానికి చాలాసేపు పట్టింది. తీసి ఎస్తేరుకిచ్చాను. ఆమె పైకి చదివింది.

"వారమా?" అంది సుందరమ్మ.

"ఔ."

"ఎనిమిది నెల్లు నా కోడలూ నేనూ ఈ రాళ్ల మీద తిరిగినామా?"

"తిరిగినారు." మలుపులో ఆ స్ప్రింగు జారి ఉంటే బండి పల్టీ కొట్టేదని కూడా చెప్పాను. అడగకుండానే చెప్పాను.

ఎస్తేరు ఆ పెళ్లను తిరిగి నా చేతిలో పెట్టింది. తర్వాత, "బిగియ్యి మామా, టైమవుతుంది" అంది.

గంటలో రెండు స్ప్రింగులూ, రెండు షాక్ అబ్సార్బర్లూ బిగించాను. మూల నొక్కి వదిలితే లేచి నిలబడింది. రెండు పక్కలా నాలుగు వేళ్లు. సుందరమ్మ ఆ సీటు గుంటను అరచేత్తో ఒకసారి నిమిరి, ఎక్కి కూర్చుంది. వంతు తప్పలేదు.

ఆ తర్వాత నేను స్ప్రింగు కింద పలక పెట్టలేదు. ఏ బండికైనా తాత్కాలికంగా ఏదైనా పెడితే ఇప్పుడు దాని మీద రాయను, నా ఇంటి గోడ మీద రాస్తాను. పెట్టినదాన్ని తీసేసే పని బండివాడిది కాదు, పెట్టినవాడిది. బండివాడు రాకపోతే నేను వెళ్లాలి. ఈ కేసు నాకు నేర్పింది అదీ, భయపడే ముసలమ్మకు ధైర్యం చెప్పాలంటే ముందు నిజం చెప్పాలన్నదీ.

అచ్చుకు పంపేముందు దీన్ని సుందరమ్మకు చదివి వినిపించాను. ఆమె ఇప్పటికీ వారానికి రెండుసార్లు వస్తోంది. చివరి వాక్యం దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది.

"భయపడే ముసలమ్మ ఎవురు? నా కొడుకంటే నాకేం భయం మస్తానూ? వాడు కూచోనుంటే వాడి మీద ఎట్ల పండుకునేదని ఎక్కలే. వాడు లేడని నువ్వు చూపిచ్చినాక ఎక్కినా. ఆసుపత్రి దాకా ఏడ్చుకుంటా పోయినా. అది రాయి. భయపడింది నువ్వొక్కనివే."